డబ్బు కట్టే ముందు ఓ మూల కూర్చుని చూడు: జెర్సీ సిటీ, న్యూయార్క్‌లో సాల్సా నేర్చుకోవాలనుకునేవాళ్లకు

పోయిన శనివారం జర్నల్ స్క్వేర్ స్టేషన్ మెట్ల దగ్గర మా కాలేజీ జూనియర్ ఒకడు కనిపించాడు. "అన్నా, సాల్సాలో చేరాను, 20 క్లాసులకు ఒకేసారి కట్టేశాను" అన్నాడు. చేరిన సంతోషం ముఖంలో ఎక్కడా లేదు. సాల్సా అంటే జంటగా ఆడే లాటిన్ డాన్స్. ఏం నేర్పారని అడిగితే, రెండు వారాలుగా టీచర్‌తో వాల్ట్జ్ అనే వేరే డాన్స్ అడుగులు వేస్తున్నాడట. పెళ్లి రిసెప్షన్‌లో మొదటి డాన్స్ కోసం జంటలు వెళ్లే చోటికి వీడు ఒంటరిగా వెళ్లి పడ్డాడు. బోర్డు మీద సాల్సా అని కూడా రాసి ఉంది మరి. తిట్టబోయి ఆగిపోయాను. నాలుగేళ్ల కిందట నేను వెలగబెట్టింది కూడా అదే.

నేను దిగింది జనవరిలో. ఐదింటికే చీకటి. ఆఫీసు, గది, ఆకలేస్తే ఇండియా స్క్వేర్‌లో ఓ దోసె, అంతే. మనుషుల్లో పడదామని గదికి దగ్గర్లో ఉన్న స్టూడియోలో చేరాను. దగ్గర అన్న ఒక్కటే చూశాను. అక్కడ ఎవరి జోడీతో వాళ్లు వచ్చి, గంటసేపూ వాళ్లతోనే ఆడి వెళ్లిపోతారు. జోడీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే. చేతులు గాల్లో పెట్టి ప్రాక్టీస్ చెయ్యమన్నాడు టీచర్. ఆరు వారాలు అలాగే చేశాను. అద్దంలో చూసుకుంటే హోటల్లో ఖాళీ ట్రే పట్టుకుని తిరిగే సర్వర్‌లా ఉన్నాను.

అందుకే ఫోన్ చేసి ముందు ఇది అడుగు: క్లాసులో జోడీలు మారుస్తారా? రొటేషన్ అంటారు దాన్ని. ఫీజు, టైమింగ్స్, పార్కింగ్ తర్వాత. అవునంటే సగం పని అయిపోయినట్టే. "మీ ఇష్టం, మీ వీలు" అని నసిగితే ఫోన్ పెట్టెయ్.

రొటేషన్ ఉన్న క్లాసులో అందరూ గుండ్రంగా నిలబడతారు. రెండు మూడు నిమిషాలకోసారి టీచర్ కేక వేస్తే నడిపించేవాళ్లు, అంటే లీడ్లు, పక్క మనిషి దగ్గరికి జరుగుతారు. గంట గడిచేసరికి పదిమంది చేతులు పట్టుకుని ఉంటావు. ఊళ్లో పరాయి ఆడపిల్ల చెయ్యి తగిలితేనే క్షమాపణ చెప్పే మనకి మొదటి రోజు చచ్చేంత సిగ్గేస్తుంది. వెయ్యనీ. మూడో జోడీ దగ్గరికొచ్చేసరికి సిగ్గుపడే తీరిక ఉండదు, అడుగులు లెక్కపెట్టుకోవడమే సరిపోతుంది.

పైగా తప్పు తెలిసేది అక్కడే. రెండో స్టూడియోలో అరవై ఏళ్ల పెద్దావిడ ఒకరు నా ఎదుటికొచ్చారు. నేను ఆమె చెయ్యి అందుకోగానే ఆగి, తన అరచేతి వెనక బిగుసుకుని ఉన్న నా బొటనవేలిని రెండు వేళ్లతో పైకెత్తి, "దీనికి ఇక్కడ పనేం లేదు" అన్నారు. నిజమే, లీడ్ బొటనవేలితో అదిమిపెడితే ఎదుటి మనిషి తిరిగేటప్పుడు మణికట్టు మెలిపడుతుంది. వేళ్లు కొక్కెంలా తగిలించి ఉంచితే చాలు. ఒకే జోడీతో ఆడితే ఈ సంగతి ఏడాదైనా తెలియదు. ఆ అమ్మాయి నీ అలవాట్లు కంఠస్థం చేసి తనంతట తనే తిరుగుతుంది, తిప్పింది నువ్వేననుకుంటావు.

భార్యాభర్తలు కలిసి చేరితే, మేం మారం అనవచ్చు, ఎవరూ బలవంతపెట్టరు. అది మీ ఇంటి సంగతి. నేర్చుకోవడం మాత్రం నత్తనడకన సాగుతుంది, తర్వాత నన్ను అనొద్దు.

రెండో సంగతి లెక్క. సాల్సాకి ఎనిమిది లెక్కలు. కూచిపూడి నేర్చుకున్న చెల్లెళ్లకి ఇది ఇట్టే అందుతుంది: తకధిమి తకజణు అనుకుని "మి" దగ్గర, "ణు" దగ్గర కాలు ఆపితే బేసిక్ అడుగు వచ్చినట్టే. మొదటి లెక్కకి ముందుకో వెనక్కో దిశ మారిస్తే ఆన్ వన్, రెండో లెక్కకి మారిస్తే ఆన్ టూ. లాస్ ఏంజెలెస్‌ది ఆన్ వన్. న్యూయార్క్‌లో ఆన్ టూ ఎక్కువ. 1966లో మూతపడిన పల్లాడియం బాల్‌రూమ్ అనే న్యూయార్క్ డాన్స్ హాలు కాలపు మాంబో డాన్స్ నుంచి దిగిన వరస ఇది. క్లాసులో లెక్కపెట్టి నేర్పే పద్ధతిగా ఊరూరా పాకించినవాడు న్యూయార్క్ డాన్స్ టీచర్ ఎడ్డీ టోరెస్. నేను ఆన్ వన్ నేర్చుకుని మొదటిసారి మాన్‌హట్టన్‌లో సోషల్‌కి, అంటే అందరూ వచ్చి ఆడుకునే డాన్స్ పార్టీకి, వెళ్తే, ఎదుటి అమ్మాయి ఒక లెక్కన, నేనో లెక్కన. పాట అయ్యేదాకా మోకాళ్లు కొట్టుకుంటూనే ఉన్నాం. ఏది నేర్పుతారో అడుగు, నువ్వు ఆడబోయే ఊళ్లో ఏది ఆడతారో చూడు. రెండూ మంచివే.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. నేను కట్టినంతలో ఒక్క క్లాసు 20, 25 డాలర్లు. మొదటి నెల ఒక్కో క్లాసుకే కట్టు. "ఈరోజే సంతకం పెడితే సగం ధర" అన్నచోటి నుంచి లేచి వచ్చెయ్. ఓ మూల కూర్చుని క్లాసు చూస్తానంటే ఒప్పుకోనివాళ్లకి ఒక్క డాలరు కూడా ఇవ్వకు. బూట్ల టెన్షన్ వద్దు, నేలకి అతుక్కోని సోల్ ఉంటే చాలు. రబ్బరు సోల్‌తో తిరిగితే మోకాలికి దెబ్బ.

అమ్మాయిలకి ఇంకోటి. క్లాసులో ఎవడైనా అవసరానికి మించి దగ్గరికి లాగితే అక్కడే ఆగి, టీచర్‌కి చెప్పండి. అప్పుడు టీచర్ ఏం చేస్తాడో చూడండి. నవ్వి వదిలేస్తే ఆ స్టూడియో మీకొద్దు. సోషల్‌లో ఎవరు పిలిచినా వద్దనవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. ఇది అబ్బాయిలూ చదవండి. వద్దంటే మర్యాదగా పక్కకి జరగండి, అలగకండి.

ఇంత భయపెట్టాను కదా. సరే, చెప్తాను: వస్తుంది. బారాత్‌లో తీన్మార్ దెబ్బకి భుజాలెగరేయడం తప్ప ఏమీ రాని నాకే మూడు నెలలకి వచ్చింది. నువ్వు తప్పటడుగు వేస్తే ఎవరూ చూడరు, వాళ్ల కాళ్లు చూసుకోవడానికే వాళ్లకి సమయం చాలదు. మా జూనియర్ నిన్న వేరేచోట ఒక క్లాసు చూసి వచ్చాడు. అర్ధరాత్రి ఫోన్ చేసి, "అన్నా, చెమటకి ఇంకో చొక్కా పెట్టుకెళ్లాలా?" అని అడిగాడు. పెట్టుకో. నువ్వు కూడా. ఆ సాయంత్రం వెల్లుల్లి కారం మాత్రం తిని వెళ్లకు.