ఇంజిన్ బే (కారు బానెట్ కింద ఇంజిన్ ఉండే చోటు) క్లీనింగ్ ఇంట్లోనే, పైపు పెట్టకుండా

మన హైదరాబాద్ దుమ్ముకి బానెట్ ఎత్తితే చాలు, వేలు పెడితే గీత పడేంత మట్టి. దీనికి ప్రెషర్ నీళ్లతో కొట్టించక్కర్లేదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి, పొద్దున్నే బండి తీయకముందు బెస్ట్. ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం), ఫ్యూజ్ బాక్స్, బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్‌కి గాలి లాగే మూతి, వీటికి ప్లాస్టిక్ కవర్లు కట్టేయండి. ముందు పొడి పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులిపి, వైపర్ల కింద గాడిలో ఇరుక్కున్న వేపాకులు చేత్తో తీసేయాలి, అవి వాన నీళ్లు పోయే రంధ్రాల్ని మూసేస్తాయి, వానాకాలం ముందు ఇదొక్కటి చేసినా చాలా మేలు. తర్వాత అర లీటర్ నీళ్లలో ఒక చెంచా కార్ షాంపూ కలిపి స్ప్రే బాటిల్‌లో పోసుకుని, ఇంజిన్ మీద కాదు, గుడ్డ మీద కొట్టుకుని తుడవండి, సందుల్లోకి పాత టూత్‌బ్రష్. మళ్లీ మామూలు తడి గుడ్డ, ఆపైన పొడి గుడ్డ. కవర్లు, గుడ్డలు అన్నీ తీసేశాక బానెట్ తెరిచే ఉంచి పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేస్తే మిగిలిన తడి ఆరిపోతుంది.

ఆయిల్ లీకై జిడ్డు పట్టిన చోట మాత్రం ఇది పనిచేయదు, తుడిచినా మళ్లీ వస్తుంది, ముందు మెకానిక్‌కి చూపించండి. ఇక హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బళ్లయితే ఆరెంజ్ రంగు కేబుళ్ల జోలికి అస్సలు పోవద్దు.