షాట్‌గన్ స్టాక్ పొడవు, రీకాయిల్ ప్యాడ్ అమరిక: కమిలిన చోటును బట్టి కారణం పట్టుకోవడం

ఇరవై అయిదు తోటాల రౌండు ముగించి చొక్కా విప్పగానే కమిలిన మచ్చ కనబడితే, ఎక్కువమంది స్టాక్ (తుపాకీ వెనుక చెక్క భాగం) చివర భుజానికి ఆనే రబ్బరు ప్యాడ్ ఇంకా మెత్తనిది వేయించాలనే నిర్ణయానికి వచ్చేస్తారు. ఎగిరే మట్టి బిళ్లలను కాల్చే ట్రాప్, స్కీట్ పోటీల్లో 12 బోరు తోటాలోని సీసపు గుళ్ల బరువు 24 గ్రాములుగా నిర్ణయించి ఉంది. మూడున్నర కిలోలు దాటిన తుపాకీలోంచి అంత తోటా పేలినప్పుడు తన్ను తెలియాలే గాని ఒళ్లు కమలకూడదు. కమిలిందంటే ఆ తన్ను ప్యాడ్ మొత్తం మీదుగా కాక ఏదో ఒక కొన మీదుగా దిగుతోందని అర్థం. అందుకని ముందు చూడవలసింది మచ్చ ఎంత పెద్దదని కాదు, ఎక్కడ పడిందని.

ఏ పరీక్షకైనా ముందు తుపాకీని కీలు దగ్గర వంచి తెరిచి, తోటాలు కూర్చునే రెండు చాంబర్లూ ఖాళీగా ఉన్నాయని కంటితోనూ వేలితోనూ చూసుకోవాలి. తోటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

కొలత తీయడం

స్టాక్ పొడవు అంటే ట్రిగ్గర్ ముందు వంపు నుంచి ప్యాడ్ మధ్య బిందువు వరకు ఉన్న దూరం. రెండు ట్రిగ్గర్లున్న జంట గొట్టాల తుపాకీలో ముందు ట్రిగ్గర్ నుంచి కొలుస్తారు. కంపెనీ తుపాకులు సాధారణంగా 14 నుంచి 14¾ అంగుళాల మధ్య వస్తాయి. 14½ అంటే దాదాపు 368 మిల్లీమీటర్లు. మధ్య బిందువుతో పాటు ప్యాడ్ పై కొనకూ కింది కొనకూ దూరాలు విడివిడిగా రాసుకోవాలి, ఎందుకంటే పొడవు సరిపోయి వాలు (ప్యాడ్ ముఖం పై కొన నుంచి కింది కొనకు ఒరిగే కోణం) తప్పిన తుపాకులే నాకు ఎక్కువగా కనబడ్డాయి.

మోచేతి మడతలో ప్యాడ్ ఆనించి, వేలు ట్రిగ్గర్‌కు అందితే సరిపోయినట్టే అని చెప్పే పాత పద్ధతిని నేను నమ్మను. అది ముంజేతి పొడవును మాత్రమే చెబుతుంది. మెడ, భుజాల వెడల్పు, ఛాతీ, నిలబడే తీరు దానికి అందవు. దానికి బదులు, పోటీలో వేసుకునే వెస్టే వేసుకుని, కళ్లు మూసుకుని తుపాకీని భుజానికెత్తి, చెంప ఆనిన తరువాత కళ్లు తెరవాలి. అప్పుడు ముక్కుకూ బొటనవేలి కణుపుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంటే పొడవు దాదాపు కుదిరినట్టే.

బొటనవేలు ముక్కుకు తగలడం, మధ్య వేలు కమలడం

ఇది పొట్టి స్టాక్ లక్షణం. తుపాకీ వెనక్కి వచ్చినప్పుడు చేయి ముఖం మీదికి వస్తుంది, ట్రిగ్గర్ గార్డు వెనుక అంచు మధ్య వేలిని కొడుతుంది. ప్యాడ్‌కూ చెక్కకూ మధ్య పావు అంగుళం స్పేసర్ వేసి రెండు రౌండ్లు కాల్చి చూడాలి. ముక్కు దగ్గర సందు సరిగానే ఉండి వేలు మాత్రమే కమిలితే తప్పు పొడవుది కాదు, పట్టు మరీ ముందుకు జరిగింది.

భుజం గుంటలో కాక జబ్బ మీద మచ్చ

స్టాక్ పొడవైనప్పుడు ప్యాడ్ చంక దగ్గర వెస్టుకు తట్టుకుంటుంది. దాన్ని తప్పించడానికి చేయి తనకు తెలియకుండానే తుపాకీని పక్కకు తోస్తుంది, ప్యాడ్ జబ్బ కండ మీద కూర్చుంటుంది. అయితే కోత పెట్టే ముందు రెండు విషయాలు చూడాలి.

మొదటిది బట్టలు. మే నెలలో గచ్చిబౌలి రేంజిలో పలుచని టీషర్టు మీద చక్కగా కుదిరిన స్టాక్, డిసెంబరులో ఢిల్లీ తుగ్లకాబాద్‌లోని కర్ణీసింగ్ రేంజిలో స్వెట్టరు మీద పావు అంగుళం పొడవైపోతుంది. దీనికి మందు రంపం కాదు, చలికాలానికి ఒక పలుచని ప్యాడ్ విడిగా పెట్టుకోవడం.

రెండోది ప్యాడ్ జిగురుదనం. ట్రాప్‌లో తుపాకీ ముందే భుజాన ఉంటుంది గనుక పట్టే రబ్బరు మేలు చేస్తుంది. స్కీట్‌లో బిళ్ల కనబడేదాకా ప్యాడ్ కింద, వెస్టు మీది పసుపు పట్టీ దగ్గరే ఉండాలి. షూటర్ బిళ్ల కోసం పిలిచిన తరువాత అది మూడు సెకన్ల లోపు ఎప్పుడైనా రావచ్చు. ఆ కంగారులో అదే రబ్బరు గుడ్డను పట్టి లాగుతుంది. ప్యాడ్ పై సగానికి నున్నని ప్లాస్టిక్ టేపు చుట్టి పదిసార్లు ఎత్తి చూస్తే సంగతి తేలిపోతుంది. టేపుతో తట్టుకోవడం ఆగితే పొడవు జోలికి పోకుండా, పై కొనను గుండ్రంగా అరగదీసి, గట్టి నున్నని ముఖమున్న ప్యాడ్ వేయిస్తే చాలు.

ఛాతీ పైభాగంలో చిన్న, లోతైన మచ్చ

ఇది ప్యాడ్ కింది కొన చేసే పని. ఆడపిల్లలకూ ఛాతీ విశాలంగా ఉన్న మగవారికీ ఎక్కువ. మా రేంజిలో ఒక అమ్మాయికి రూపాయి బిళ్లంత మచ్చ ప్రతివారం అదే చోట పడేది. రెండుసార్లు మెత్తని ప్యాడ్లు మార్చినా తగ్గలేదు. ప్యాడ్ పై స్క్రూ కింద మూడు మిల్లీమీటర్ల వాషరు వేసి, వాలు కాస్త మార్చి కాల్పించాము. ఆ రోజు భుజం ఎర్రబడింది గాని మచ్చ పడలేదు. తరువాత వాషరు తీసేసి, ఆ మేరకు చెక్క కింది భాగాన్ని ఏటవాలుగా కోయించి, కింది కొనను బయటి వైపుకు కొద్దిగా జరిపించాము. వాషరు పరీక్షకే, శాశ్వతంగా ఉంచితే సందులో చెమట చేరి చెక్క పాడవుతుంది.

చెంప ఎముక మీద దెబ్బ

వాలు మరీ ఎక్కువైతే తన్నుకు ప్యాడ్ భుజం మీద పైకి జారి, చెంపను పొడుస్తుంది. అప్పుడు వాషరు కింది స్క్రూ దగ్గర వేయాలి. వాలు సరిగానే ఉంటే, చెంప ఆనే కోంబ్ తగ్గి ఉండి తల గాలిలో నిలబడిందేమో చూడాలి. ఆనని చెంపకే దెబ్బ గట్టిగా తగులుతుంది.

పొడవు మార్చాక గురి తప్పడం

దీన్ని చాలామంది ఊహించరు. కోంబ్ వెనక్కి పోయే కొద్దీ కిందికి వాలి ఉండే తుపాకీలో స్టాక్‌ను కుదిస్తే చెంప ముందుకు, అంటే ఎత్తైన చోటికి జరుగుతుంది. కన్ను లేస్తుంది, గుళ్లు పైకి పోతాయి. పొడిగిస్తే కిందికి పోతాయి. నా తుపాకీకి అర అంగుళం ఒక్కసారే కోయించుకుని, ఆ తరువాత రెండు నెలలు బిళ్లల మీదుగా కాల్చి బాధపడ్డాను. అప్పటినుంచి ఎవరికైనా పావు అంగుళానికి మించి ఒకసారి కోయించవద్దనీ, ప్రతి మార్పు తరువాత పెద్ద కాగితం మీద కాల్చి చూడమనీ గట్టిగా చెబుతున్నాను.

ప్యాడ్ బిగింపు

కోత, అరగదీత పనులు తుపాకులు బాగుచేసే లైసెన్సున్న ఆర్మరర్ చేతిలోనే పెట్టాలి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల మరమ్మతు వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. ఆయన దగ్గర మూడు సంగతులు అడిగి చూడండి. కోసే చోట టేపు చుట్టి సన్నపళ్ల రంపంతో కోశారా, లేకపోతే చెక్క అంచులు పెచ్చులు లేస్తాయి. కోసిన ముఖానికి వార్నిష్ గాని అవిసె నూనె గాని పట్టించారా, లేకపోతే వానాకాలం చెక్క ఉబ్బి ప్యాడ్ అంచు బయటపడుతుంది. స్క్రూడ్రైవరు దించేటప్పుడు దాని కాడకు సబ్బు నీళ్లు రాశారా, లేకపోతే రబ్బరు ముఖం మీది సన్నని చీలిక నక్షత్రంలా చిరిగి మళ్లీ మూసుకోదు.

ఏళ్ల తరబడి మన ఎండకు ప్యాడ్ రబ్బరు గట్టిపడుతుంది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోకపోయినా, మడిచినప్పుడు పగుళ్లు కనబడినా, కొలతలు ఏమీ మార్చకుండా అదే మందం ఉన్న కొత్తది వేయించాలి. తుడిచిన నూనె కారి చెక్కలోకి దిగకుండా తుపాకీని కొన్నాళ్లు గొట్టం కిందికి ఉండేలా నిలబెట్టండి. నూనె పీల్చి మెత్తబడిన చెక్కలో స్క్రూలు పట్టు వదిలి, ప్యాడ్ రౌండు మధ్యలో కదులుతుంది.