క్లోరిన్‌కు బదులు మిషన్ పెట్టిన ఇంటి పూల్: ఎండలు ముదరకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. ఉగాది నాటికి హన్మకొండ చుట్టుపక్కల ఇళ్లలో, ధర్మసాగర్ వైపు ఫామ్‌హౌస్‌లలో పూల్ మీద కప్పిన టార్పాలిన్లు లేస్తాయి. క్లోరిన్ వాసన పడక ఈమధ్య చాలామంది ఉప్పు మిషన్, ఓజోన్, యూవీ (అతినీలలోహిత కిరణాలు), రాగి అయాన్ల (కరెంటు ఆవేశమున్న కణాల) మిషన్ పెట్టిస్తున్నారు. పెట్టించుకోవడం తప్పు కాదు. మిషన్ ఉంది కదా అని నీళ్లను చూడటం మానేస్తేనే ప్రమాదం.

మా బావ వాళ్ల పూల్ సంగతి చెప్తాను. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు. అంటే దాదాపు 25 వేల లీటర్లు. రాగి, వెండి అయాన్ల మిషన్ అమ్మిన మనిషి "ఇక క్లోరిన్ డబ్బా అవతల పడేయండి" అన్నాడు. పోయిన మే నెలలో ఆ ఇంట్లో పెళ్లి. ఒంటి నిండా పసుపు, తలకు కొబ్బరినూనెతో పదిహేను మంది పిల్లలు పొద్దంతా అందులోనే. ఆ రాత్రి గాలిదుమారానికి కరెంటు పోయి మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేదు. మెట్టు మీద కాలు పెడితే జర్రున జారింది. గోడను వేలితో గీస్తే సన్నటి జిగురు వచ్చింది. నీళ్లు పైకి తేటగానే ఉన్నాయని పిల్లల్ని మళ్లీ దింపాం. మూడో రోజుకు ముగ్గురికి చెవిపోటు. మా చిన్నది చెవి తమ్మె ముట్టుకోనివ్వకుండా రాత్రంతా ఏడ్చింది. ఈత నీళ్ల వల్ల చెవిలో ఇన్ఫెక్షన్ అన్నారు డాక్టరు. ఆ రాత్రి నాకు ఇంకా గుర్తుంది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

రాగి అయాన్లు పాచిని బాగా ఆపుతాయి. క్రిములను చంపడంలో మాత్రం నెమ్మది. క్లోరిన్ చాలా క్రిములను నిమిషాల్లో చంపితే, వీటికి గంటలు పడుతుంది. ఒకరి ఒంటి మీది క్రిమి పక్కనున్న పిల్ల నోట్లోకి పోవడానికి అన్ని గంటలు పట్టదు కదా. రాగి మోతాదు మించితే గోడలకు మరకలు పడతాయి, లేత రంగు జుట్టుకు ఆకుపచ్చ ఛాయ వస్తుంది.

యూవీ, ఓజోన్ నిజంగా పనికొచ్చేవే. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మామూలు మోతాదు క్లోరిన్‌లో వారానికి పైగా బతకగలదు. యూవీ దాన్ని దెబ్బతీస్తుంది. కానీ ఈ మిషన్లు మోటారు గదిలో పైపులోంచి పోయే నీళ్లనే శుభ్రం చేస్తాయి. పూల్‌లోకి వచ్చాక ఆ నీళ్లకు కాపలా ఉండదు. కరెంటు పోయి మోటారు ఆగితే పైపులో జరిగే ఆ శుద్ధి కూడా ఆగిపోతుంది. యూవీ దీపం వెలుగుతూనే ఉన్నా లోపల బలం తగ్గిపోతుంది, కంపెనీ చెప్పిన గంటలు నిండగానే మార్చాలి. దాని గాజు తొడుగు మీద సున్నం పట్టినా కిరణాలు నీళ్లలోకి దిగవు. ఓజోన్ ఉన్న మోటారు గదిలో ఘాటైన వాసన వస్తే మిషన్ ఆపేసి తలుపులు తెరిచి బయటికి రావాలి. ఆ గాలి పీల్చితే ఊపిరితిత్తులకు హాని, ఆస్తమా ఉన్నవాళ్లకు మరీ ఎక్కువ.

ఇక ఉప్పు మిషన్. "మాది క్లోరిన్ లేని పూల్" అని చాలామంది అనుకుంటారు. కాదు, ఆ మిషన్ ఉప్పులోంచి క్లోరిన్‌నే తయారు చేస్తుంది. లీటరుకు సుమారు 3 గ్రాముల ఉప్పు కావాలి, మా బావ వాళ్లంత పూల్‌కు 75 కిలోలు. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాములు ఉంటుంది కాబట్టి నోటికి పెద్దగా ఉప్పగా తగలదు. మన దగ్గర అసలు చిక్కు బోరు నీళ్లతో. గీజర్ రాడ్డు మీద సున్నం పేరుకున్నట్టే ఈ మిషన్‌లో క్లోరిన్ తయారయ్యే సెల్ పలకల మీద తెల్లటి పొర కడుతుంది. బయటికి తీసి వెలుతురులో చూస్తే పలకల మధ్య సందులు మూసుకుపోయి కనిపిస్తాయి. అప్పుడు మిషన్ నడుస్తున్నట్టే ఉంటుంది, క్లోరిన్ మాత్రం రాదు. ఎండాకాలం మొదట్లోనే సెల్ విప్పి చూడండి. పలుచని యాసిడ్‌తో కడిగేటప్పుడు బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాత యాసిడ్. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఈ మిషన్‌తో పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) కూడా పైకి పోతూ ఉంటుంది, దాన్ని 7.2 నుంచి 7.8 మధ్య ఉంచాలి. గట్టు మీద షాబాదు బండలు ఉంటే ఉప్పు నీళ్లు ఎండి పెచ్చులు లేస్తాయి, సాయంత్రం మంచినీళ్లతో కడగండి. ఫిల్టర్ కడిగిన ఆ నీళ్లను మామిడి చెట్ల మొదళ్లలోకి వదలొద్దు.

ఏ మిషన్ ఉన్నా నీళ్లలో క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఉండాలి. స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా కాపాడే మందు) వేసిన పూల్‌లో 2కు తగ్గొద్దు. 25 వేల లీటర్లకు 2 పీపీఎం అంటే 50 గ్రాముల క్లోరిన్. అది 30 శాతం బలమున్న తాజా బ్లీచింగ్ పౌడర్ 165 గ్రాములలో వస్తుంది. బకెట్ నీళ్లలో కలిపి, అడుగుకు పేరుకున్నాక పైతేట మాత్రమే పొద్దుగూకాక పోయాలి. స్టెబిలైజర్ లేకపోతే మే నెల ఎండకు క్లోరిన్ గంటల్లోనే విరిగిపోతుంది. క్లోరిన్‌కు బదులు బైగ్వనైడ్ అనే మందు వాడే పూల్‌లో మాత్రం క్లోరిన్ వేయకూడదు, రెండూ పొసగవు.

పరీక్షకు పసుపు రంగు వచ్చే చుక్కలు మొత్తం క్లోరిన్‌నే చూపిస్తాయి, అందులో పనిచేయగలిగేది ఎంతో చెప్పవు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ తీసుకోండి. నూనె, చెమట, పసుపు, మూత్రం క్లోరిన్‌ను తినేస్తాయి. కళ్లు మండి, ఘాటు వాసన వస్తోందంటే క్లోరిన్ ఎక్కువైందని అనుకుంటారు గానీ, చాలాసార్లు అది చెమట, మూత్రంతో కలిసి చెడిపోయిన క్లోరిన్ వాసన. తలకు నూనె ఉన్న పిల్లలకు ముందు తలస్నానం చేయించండి. విరేచనాలు పట్టినవాళ్లను తగ్గిన రెండు వారాల దాకా దింపకపోవడం మంచిది.

మందుల దగ్గర ఒక్క పొరపాటు కూడా పనికిరాదు. బ్లీచింగ్ పౌడర్‌లో యాసిడ్ పడితే విషవాయువు వస్తుంది. బ్లీచింగ్ పౌడర్, టీసీసీఏ అనే పూల్ క్లోరిన్ బిళ్లలు కలిస్తే మంట లేచి పేలొచ్చు. ఒకే మగ్గు రెండింటికీ వాడొద్దు. 44 డిగ్రీల ఎండలో రేకుల షెడ్డులో ఇవి పెట్టడమంటే నిప్పుతో ఆటే, నీడపట్టున పొడి గదిలో విడివిడిగా పెట్టండి. మోటారుకు ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

కేరళలో 2024లో మెదడుకు సోకే అమీబాతో పిల్లలు చనిపోయారు. వెచ్చటి మంచినీళ్లలో ఉండి ముక్కులోంచి పోయే క్రిమి అది, చాలా అరుదు. సరిపడా క్లోరిన్ ఉన్న నీళ్లలో అది బతకదు.

ఇప్పుడు మా బావ వాళ్ల మోటారు గది తలుపుకు ఒక పలక వేలాడుతోంది. పొద్దున 6కు, సాయంత్రం 5కు క్లోరిన్ ఎంత, పీహెచ్ ఎంత అని మా అక్క సుద్దముక్కతో రాస్తుంది. రాత్రి కరెంటు పోతే పలక మీద అడ్డగీత. కరెంటు వచ్చి, మోటారు ఆరు గంటలు తిరిగి, కిట్‌లో గులాబీ రంగు సరిగ్గా తేలి, అడుగున ఉన్న జాలీ గట్టు మీంచి స్పష్టంగా కనబడితేనే ఆ గీత చెరుపుతుంది. అప్పటిదాకా పిల్లలు ఎంత మారాం చేసినా గేటు తాళం తీయదు.