రెట్రో స్కూటర్‌ని తిరుపతిలో రోజువారీ బండిగా ఎలా వాడుకోవాలి?

గుండ్రటి హెడ్‌లైటు, వంపు తిరిగిన రేకు బాడీ చూసి మనసు పడి కొనేవాళ్ళు మన ఊర్లో శానామందే ఉన్నారు, కానీ కొన్ని నెలలకే దానికి కవర్ కప్పి పక్కన పెట్టేసి ఆఫీసుకి ఇంకో బండి తీసేవాళ్ళూ ఉన్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. 1946లో ఇటలీలో పియాజియో వాళ్ళు వెస్పా తెచ్చిందే యుద్ధం అయిపోయాక జనం పనులకి పొయ్యేదానికి, ఈడ 1972లో వచ్చిన బజాజ్ చేతక్ కూడా ఇంటిల్లిపాదినీ మోసిన బండే. ఇవి రోజూ తిప్పే బండ్లు, తిప్పితేనే బాగుంటాయి, కాకపోతే రేకు బాడీకి, చిన్న చక్రాలకి కొంచెం వేరే రకం శ్రద్ధ కావాలి. అదేందో వరసగా చెప్తాను.

ముందు ఏ బండో తేల్చుకోండి

పాత చేతక్, ఎల్ఎంఎల్ లాంటి గేర్ బండ్లు ఇష్టం కొద్దీ పెట్టుకోండి, ఇంట్లో ఉండే ఒకే ఒక్క బండిగా మాత్రం వద్దు, పార్టుల కోసం తిరగాల్సొస్తుంది. యమహా ఫసీనో రెట్రో లుక్కే గానీ తేలిక, 99 కిలోలే. 2012లో మళ్ళీ మన దేశంలోకి వచ్చిన వెస్పా పూర్తి స్టీల్ బాడీ, కొంచెం బరువు. ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే వీలుండి ఊర్లోనే తిరిగేవాళ్ళకి 2020లో వచ్చిన ఎలక్ట్రిక్ చేతక్ సరిపోతుంది. నన్నడిగితే ఫ్యూయల్ ఇంజెక్షన్ (కార్బురేటర్ బదులు పెట్రోలుని కొలిచి ఇంజన్‌కి చిమ్మే ఏర్పాటు) ఉన్న రేకు బాడీ బండే రోజువారీకి మంచిది, ఇక్కడ చెప్పేది కూడా ఎక్కువగా దాని గురించే.

సెకండ్ హ్యాండ్ అయితే జేబులో ఒక చిన్న అయస్కాంతం వేసుకుని పోండి. బాడీ మీద అక్కడక్కడా ఆనించి చూస్తే, రేకు ఉన్నచోట గట్టిగా అతుక్కుంటుంది, సొట్ట పడి పుట్టీ నింపి పెయింట్ కొట్టినచోట పట్టు వదిలేస్తుంది. తర్వాత కాళ్ళు పెట్టే చోట రబ్బర్ మ్యాట్ ఎత్తి చూడండి, తుప్పంతా దాక్కునేది ఆడే. అమ్మే ఆయన మ్యాట్ ఎత్తనీకపోతే ఆ బండి వద్దు. ఏపీ 03 నంబరు ఉంటే అది 2019కి ముందు మన పాత చిత్తూరు జిల్లాలో రిజిస్టరైన బండి, ఏపీ 39 ఉంటే ఆ తర్వాతది, అమ్మే ఆయన చెప్పే మోడల్‌తో పోల్చుకోండి. ఇన్సూరెన్స్ కూడా విప్పి చదవండి, 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బండ్లకి 5 ఏళ్ళు ఇచ్చేది థర్డ్ పార్టీ మాత్రమే, మన బండికి దెబ్బ తగిలితే వచ్చే ఓన్ డ్యామేజ్ పాలసీ వేరే, అది అయిపోయి ఉండొచ్చు.

చక్రాల సంగతి

10, 11 అంగుళాల చక్రాలు గుంటలో పూర్తిగా దిగిపోతాయి, పెద్ద చక్రాల బైకు మాదిరి దాటిపోవు. రేణిగుంట రోడ్డులో లారీల వెనకాలే అంటుకుని పోతే గుంట కనపడదు, కాబట్టి దూరం వదలండి. వారానికొకసారి బండి చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించుకోండి, ఎంత పెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది, షాపు పిల్లోడు అన్ని బండ్లకీ ఒకే లెక్కలో కొట్టేస్తాడు, మీరే నంబరు చెప్పండి. పాత చేతక్‌కి ఉండే స్టెప్నీ ఈ కొత్త వాటికి లేదు, అందుకే ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్ డిక్కీలో ఉండాల్సిందే. ఈ సైజు టైర్లు ప్రతి షాపులో దొరకవు, అరిగేదాకా ఆగకుండా ముందే చెప్పి పెట్టుకోండి.

ట్రాఫిక్‌లో

లీలామహల్ సర్కిల్ దగ్గర ఇంచు ఇంచు జరుగుతూ సగం యాక్సిలరేటర్ పట్టుకుని బండిని నిలబెట్టే అలవాటు శానామందికి ఉంటుంది, దాంతో క్లచ్ షూలు (ఇంజన్ తిరుగుడుని చక్రానికి అందించే పట్టు ముక్కలు) వేడెక్కి నున్నగా మెరుపెక్కుతాయి, పట్టు తగ్గుతుంది, తర్వాత బండి కదిలేటప్పుడు వణుకుతుంది. ముందు నాలుగడుగులు ఖాళీ వచ్చేదాకా బ్రేక్ పట్టుకుని ఆగండి, ఒక్కసారిగా కదలండి. వీలైతే శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మీద పోండి.

సరుకులకి మాత్రం దీన్ని మించిన బండి లేదు, కాళ్ళ దగ్గర 25 కిలోల బియ్యం బస్తా నిలువుగా కాకుండా అడ్డంగా పడుకోబెట్టి పెడితే హ్యాండిల్ తిప్పేదానికి అడ్డం రాదు.

వానలు, తుప్పు

మనకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, 2021 నవంబర్‌లో ఊరు ఎట్లా మునిగిందో అందరికీ గుర్తే. వెస్ట్ చర్చి అండర్‌బ్రిడ్జిలో నీళ్ళు నిలిస్తే ఎంత తొందరున్నా దిగొద్దు, తిరుక్కుని పోండి.

వానలో తడిసొచ్చిన రోజు పాత లుంగీ గుడ్డతో పైన తుడిస్తే సరిపోదు, రబ్బర్ మ్యాట్ తీసి కింద నీళ్ళు పూర్తిగా ఆరనివ్వాలి, మడ్గార్డ్ లోపల అతుక్కున్న బురదని చేత్తో తీసేయాలి. బురద తడిని పట్టుకుని రోజుల తరబడి ఉంటుంది, రేకు లోపలి నుంచి తినేస్తుంది, బయట పెయింట్ ఉబ్బిందంటే లోపల పని సగం అయిపోయినట్టే. గీత పడి రేకు కనిపిస్తే ఆ వారంలోనే సన్న ఎమరీ పేపర్‌తో రుద్ది, తుడిచి, ప్రైమర్ పెట్టి, ఆరాక టచప్ పెయింట్ వేయండి. ప్రైమర్ లేకుండా పైపైన రంగు పూస్తే కిందనుంచి తుప్పు మళ్ళీ తోసుకొస్తుంది. వానలకి ముందే కార్లకి అండర్ కోటింగ్ కొట్టే చోట కింద భాగం కొట్టించుకుంటే ఇంకా మంచిది. ఎండాకాలం బోరు నీళ్ళతో కడిగి ఎండలో వదిలేయొద్దు, తెల్ల మచ్చలు పడతాయి, నీడలో కడిగి వెంటనే తుడవండి.

కొండకి పొయ్యేటప్పుడు

అలిపిరి దగ్గర టూవీలర్లకి టైమింగులు మారుతుంటాయి, ముందే కనుక్కోండి. ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్, ఇద్దరుంటే 125 సీసీ బండి నిదానంగా ఎక్కుతుంది, పూర్తిగా యాక్సిలరేటర్ తిప్పి పట్టుకోకండి, మధ్యలో ఆగినా పర్వాలేదు.

జాగ్రత్త పడాల్సింది దిగేటప్పుడు, 1944 నాటి మొదటి ఘాట్ మలుపుల్లో. గేర్ల బండిని సెకండ్‌లో పెట్టి దింపొచ్చు, ఆటోమేటిక్‌లో ఆ వీలు లేదు. వేగం బాగా తగ్గితే క్లచ్ వదిలేస్తుంది, బండి న్యూట్రల్‌లో ఉన్నట్టు జారుతుంది, అప్పుడు యాక్సిలరేటర్ని కొద్దిగా తిప్పి వదిలితే క్లచ్ మళ్ళీ పట్టుకుంటుంది, ఇంజన్ బండిని వెనక్కి లాగడం మీకే తెలుస్తుంది. బ్రేకులు అదేపనిగా పట్టుకుని ఉంటే వేడెక్కి పట్టు పోతుంది, మలుపుకి ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించి వదిలేయండి, రెండు బ్రేకులూ వాడండి. పెట్రోలు మిగుల్తుందని ఇంజన్ ఆపేసి దిగే వాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది.

పెట్రోలు, సర్వీసు

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఇథనాల్ నీటి తేమని పీల్చుకుంటుంది, అందుకే సగం ట్యాంకుతో నెలలు నెలలు నిలబెట్టొద్దు. పాత బండి అయితే పెట్రోలు పైపులు మెత్తబడ్డాయేమో చూపించుకోండి.

ఆయిల్ మార్చడం అందరూ గుర్తు పెట్టుకుంటారు, డ్రైవ్ బెల్ట్ మాత్రం మర్చిపోతారు. అది తెగిందంటే ఇంజన్ తిరుగుతున్నా చక్రం కదలదు, కరకంబాడి రోడ్డులో మధ్యాహ్నం ఎండలో తోసుకుంటూ రావాల్సిందే. మాన్యువల్‌లో ఎన్ని కిలోమీటర్లకి మార్చమన్నారో చూసి అప్పుడే మార్పించండి, అప్పుడే రోలర్లు, క్లచ్ షూలు కూడా విప్పి చూడమనండి, బెల్ట్ కోసం ఎట్లాగూ ఆ కవర్ తీస్తారు. బెల్ట్ పాతది బాగానే ఉందన్నా సరే కొత్తది వేయించి, తీసిన పాతది అడిగి తెచ్చుకుని డిక్కీలో పెట్టుకోండి, దూరం పోయినప్పుడు కొత్తది దొరికేదాకా అదే ఇల్లు చేరుస్తుంది.