నుదురు తగ్గించే ఆపరేషన్ తర్వాత: ఎన్నో రోజున ఏం కనిపిస్తే ఏం చేయాలి

మా చెల్లికి హెయిర్‌లైన్ లోయరింగ్ అయిన మూడో రోజు పొద్దున అద్దంలో చూసుకుని ఏడ్చేసింది. కళ్ళు తేనెటీగలు కుట్టినట్టు ఉబ్బిపోయాయి. పదో రోజుకి వాపు మాయమైంది. ఆరో వారంలో జుట్టు రాలడం మొదలై మళ్ళీ ఏడుపు. ఆ ఏడాదంతా పక్కనే ఉన్నాక నాకు అర్థమైంది ఒకటే: ఈ ఆపరేషన్ తర్వాత ఏం కనిపించింది అన్నదానికంటే, అది ఎన్నో రోజున కనిపించింది అన్నదే ముఖ్యం. అందుకే క్యాలెండర్ దగ్గర పెట్టుకుని చదవండి.

ముందుగా డాక్టర్ ఏం చేశారో తెలియాలి. జుట్టు మొదలయ్యే గీత వెంబడి కోసి, వెనకున్న మాడు చర్మాన్ని వదులు చేసి ముందుకు లాగుతారు. నుదుటి మీద మిగిలే చర్మాన్ని తీసేసి కుడతారు. మామూలుగా గీత ఒకటిన్నర నుంచి రెండున్నర సెంటీమీటర్ల దాకా కిందికి వస్తుంది. లాగిన చర్మం వెనక్కి జారకుండా పుర్రె ఎముకకు దారంతోనో, కరిగిపోయే చిన్న కొక్కేల పరికరంతోనో బిగిస్తారు. తర్వాత వచ్చే ఇబ్బందుల్లో సగం ఈ లాగడం, బిగించడం వల్లే.

కళ్ళు ఉబ్బాయి, చుట్టూ నీలంగా కమిలింది (2 నుంచి 4వ రోజు)

మాడు చర్మం కింద చేరిన నీరు, కొద్దిపాటి రక్తం కిందికి దిగుతాయి. దిగితే వచ్చేది కనురెప్పల్లోకే. రెండు వైపులా దాదాపు సమానంగా ఉంటే కంగారు అక్కర్లేదు. రెండు మూడు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టి పడుకోవాలి. గుడ్డలో చుట్టిన ఐస్‌ని కళ్ళ మీద కాసేపు పెట్టుకోవచ్చు. కుట్ల మీద, మొద్దుబారిన చోట మాత్రం వద్దు. అక్కడ చలి తెలియదు కాబట్టి చర్మం దెబ్బతిన్నా మీకు తెలియదు. వారం పది రోజుల్లో తగ్గుతుంది.

భయపడాల్సింది వేరే ఉంది. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒక్క వైపే గట్టిగా ఉబ్బి, మాత్ర వేసుకున్నా నొప్పి గంట గంటకీ పెరుగుతుంటే లోపల రక్తం గడ్డకడుతూ ఉండొచ్చు. అర్ధరాత్రైనా సరే సర్జన్‌కి ఫోన్ చేయాలి. దాన్ని తీయకపోతే పైనున్న చర్మానికి రక్తం అందదు. చూపు మసకబారితే ఫోన్‌తో ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

కుట్ల దగ్గర ఎర్రగా ఉంది, తడిగా ఉంది (మొదటి రెండు వారాలు)

గీత వెంబడి సన్నటి ఎరుపు, ఎండిన రక్తం పెచ్చులు మామూలే. నుదుటి వైపు కుట్లు సాధారణంగా 5 నుంచి 7 రోజుల్లో తీస్తారు, స్టేపుల్స్ ఉంటే ఇంకొన్ని రోజులు ఉంచుతారు. నాలుగైదు రోజులు బాగానే ఉండి, ఆ తర్వాత ఎరుపు పాకుతూ, వేడిగా, చీముతో, జ్వరంతో వస్తే ఇన్‌ఫెక్షన్. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ వేసుకోవద్దు, చూపించుకోండి. ఇక మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు పసుపు రాయమంటారు, ఇంకొకరు కొబ్బరి నూనె గిన్నెతో వస్తారు. పుండు పూర్తిగా మూసుకునే దాకా రెండూ వద్దు. మా అమ్మకి ఇది చెప్పడానికి డాక్టర్ చేతే మాట్లాడించాల్సి వచ్చింది.

అంచున చర్మం నల్లబడి గట్టి పెచ్చు కడితే అక్కడ రక్తం చాల్లేదని అర్థం. మరీ బిగువుగా లాగిన చోట, సిగరెట్ తాగేవాళ్ళలో ఇది ఎక్కువ. దాన్ని పీకకండి. సర్జన్ చూస్తూ ఉంటే చాలాసార్లు కింద నుంచి మానుతుంది, కానీ అక్కడ మచ్చ వెడల్పవుతుంది.

మాడు నాది కానట్టుంది (మొదటి రోజు నుంచి నెలల దాకా)

నుదుటి నుంచి మాడుకి వెళ్ళే స్పర్శ నరాల కొసలు కోతలో తెగుతాయి. గీతకి వెనక నుంచి నడినెత్తి దాకా మొద్దుబారడం అందుకే. ఆరు నెలల నుంచి ఏడాదిలో చాలావరకు తిరిగి వస్తుంది, కొందరికి రూపాయి బిళ్ళంత చోటు అలాగే మిగిలిపోవచ్చు. ఈలోగా హెయిర్ డ్రయర్, మరీ వేడి నీళ్ళు దూరం పెట్టండి. కాలినా తెలియదు. రెండు మూడు నెలలకు చీమలు పాకినట్టు, సూది గుచ్చినట్టు, భరించలేని దురద మొదలైతే నరాలు మేలుకుంటున్నాయన్నమాట. గోళ్ళతో గీకకుండా అరచేత్తో మెల్లగా తట్టండి.

జుట్టు కుచ్చులుగా ఊడుతోంది (2 నుంచి 6వ వారం)

దీన్ని షాక్ లాస్ అంటారు. ఆపరేషన్ దెబ్బకి వెంట్రుకల కుదుళ్ళు విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. కుదురు బతికే ఉంటుంది కాబట్టి మూడు నాలుగు నెలల నుంచి మళ్ళీ మొలుస్తాయి. డాక్టర్ ఒప్పుకుంటే, పుండు మానాక జుట్టు మొలవడానికి రాసే మినాక్సిడిల్ మందు వాడొచ్చు. ఏడాదైనా ఒక పట్టీ బోసిగానే ఉంటే అక్కడ కుదుళ్ళు పోయాయని అనుకోవాలి. అప్పుడు గ్రాఫ్టులే (తల వెనక నుంచి తీసి నాటే వెంట్రుకల కుదుళ్ళు) దారి.

మచ్చ కనిపిస్తోంది

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఆపరేషన్‌కి ముందు మాకు ఒక క్లినిక్ కౌన్సెలర్ "మచ్చే ఉండదు మేడమ్" అంది. మచ్చ లేని కోత ఉండదు. మంచి సర్జన్ చేసేది దాన్ని జుట్టులో కలిపేయడం. కత్తిని ఏటవాలుగా పెట్టి, అంచున ఉన్న వెంట్రుకల పై భాగాన్ని కోసి, కుదుళ్ళని కింద వదిలేస్తారు. ఆ వెంట్రుకలే తర్వాత మచ్చలోంచి పొడుచుకొస్తాయి. గీతని కూడా స్కేలు పెట్టి గీసినట్టు కాకుండా వంకరటింకరగా కోస్తారు.

మూడో నెలలో మచ్చ గులాబీ రంగులో ఎద్దేవా చేస్తున్నట్టు కనిపిస్తే అది మామూలే. కొత్త రక్తనాళాల రంగు అది. అసలు రూపం రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఆ లోపు దానికి తీర్పు చెప్పొద్దు, మళ్ళీ కోయించుకోవద్దు.

గీత వెంబడి మొటిమల్లాంటి పొక్కులు వస్తే, బయటికి రావాల్సిన వెంట్రుక చర్మం కింద చిక్కుకుందన్నమాట. గోరువెచ్చని నీటి గుడ్డ అద్దితే చాలు, గిల్లొద్దు. మచ్చ నల్లబడటానికి ఎండ ఒక కారణం. మన చర్మానికి ఇది ఎక్కువ. పుండు మానాక సన్‌స్క్రీన్, బయటికి వెళ్తే వదులైన చున్నీ. ఉబ్బెత్తుగా, దురదగా లేస్తే సిలికాన్ జెల్ రోజూ నెలల తరబడి రాయాలి. తగ్గకపోతే డాక్టర్ మచ్చలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ఒంటి మీద ఇంకెక్కడైనా కీలాయిడ్ (గాయం హద్దు దాటి గడ్డలా పెరిగే మచ్చ) ఉంటే ఈ మాట ఆపరేషన్‌కి ముందే చెప్పాల్సింది.

చదునుగా, తెల్లగా, వెడల్పుగా మిగిలితే బిగువే కారణం. జెల్లులు దాన్ని సన్నగా చేయలేవు. ఏడాది దాటాక మచ్చలోనే ఎఫ్‌యూఈ (కుదుళ్ళని ఒక్కొక్కటిగా తీసి నాటే పద్ధతి) గ్రాఫ్టులు పెట్టించుకోవచ్చు. మామూలు చర్మంలో కంటే తక్కువ నాటుకుంటాయి, రెండోసారి పెట్టాల్సి రావచ్చు. కోసి మళ్ళీ కుట్టడం, చర్మం వదులు ఉన్నవాళ్ళకే.

జుట్టులో గడ్డలా తగులుతోంది

ఆ కొక్కేల పరికరమే. నెలల మీద కరుగుతుంది. నొప్పి, ఎరుపు లేకపోతే వదిలేయండి.

గీత మళ్ళీ వెనక్కి పోయింది

ముందుగా పాత ఫోటోలు తీయండి. వాపు దిగి, కనుబొమ్మలు కిందికి సర్దుకున్నాక నుదురు కాస్త పెరిగినట్టు అనిపిస్తుంది. మొదటి నెలల్లో కొద్ది మిల్లీమీటర్ల జారుడు ఉండొచ్చు.

ఏళ్ళ తర్వాత గీత వెనక్కి పోతుంటే తప్పు ఆపరేషన్‌ది కాదు, వంశపారంపర్య బట్టతలది. మచ్చ ఉన్నచోటే ఉంటుంది, దాని వెనక జుట్టు పలచబడి మచ్చ బయటపడుతుంది. మగవాళ్ళకి చాలామంది సర్జన్లు ఈ ఆపరేషన్ చేయనిది ఇందుకే. పలచబడటం మొదలవగానే చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, గ్రాఫ్టుల సంగతి ఆ తర్వాత. ఆడవాళ్ళలో ఇంకో కారణం జడ. చిన్నప్పటి నుంచి బిగించి అల్లుకున్న అలవాటు ముందు వెంట్రుకల్నే లాగేస్తుంది. పెళ్ళిళ్ళలో పాపిడి బిళ్ళ బరువూ అంతే.

ఇంకో చిక్కు మొక్కులది. గుండు చేయిస్తే గీత మొత్తం బయటపడుతుంది, మచ్చ ఎత్తుగా ఉంటే కత్తికి తెగొచ్చు, మొద్దుబారిన చోట తెగినా తెలియదు. మా చెల్లి తిరుమల కల్యాణకట్టలో మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చింది. పూర్తిగా తలనీలాలే ఇవ్వాలంటే మచ్చ పూర్తిగా మానిపోయాక, సర్జన్ని అడిగి, కత్తి పట్టే ఆయనకి గీత ఎక్కడుందో వేలితో చూపించి కూర్చోండి.