టిషియన్ గీసిన పెళ్లి బొమ్మను చూడటం ఎలా

రోమ్‌లోని బోర్గీస్ గ్యాలరీలో ఇటలీ చిత్రకారుడు టిషియన్ 1514లో వేసిన ‘దైవ ప్రేమ, లౌకిక ప్రేమ’ ఉంది. రాతి తొట్టి మీద ఇద్దరు స్త్రీలు కూర్చున్నారు. ఒకామె తెల్లటి గౌనులో, ఇంకొకామె దాదాపు నగ్నంగా. వీళ్లలో దైవ ప్రేమ ఎవరని నా డ్రాయింగ్ క్లాసులో అడిగితే పిల్లలు తెల్ల గౌనామెనే చూపిస్తారు. ఆ ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఆ పేరు టిషియన్ పెట్టింది కూడా కాదు, 1693 నాటి జాబితాలో కనిపిస్తుంది.

ముందు తొట్టి ముందువైపు చిన్న డాలు వెతకండి. అది వెనిస్ అధికారి నికోలో అవురేలియో వంశ చిహ్నం. ఆయన 1514లోనే పాదువాకు చెందిన లారా బగరొత్తో అనే వితంతువును పెళ్లి చేసుకున్నాడు. ఆమె తండ్రిని ద్రోహి అంటూ 1509లో ఉరితీసింది అదే వెనిస్ ప్రభుత్వం. ఇది తెలిశాక తెల్ల గౌనామె పెళ్లికూతురి వేషం చూస్తే నాకు గొంతు పట్టేస్తుంది.

ఇప్పుడు ఎడమ పక్కనున్న ఆ తెల్ల గౌనామె దగ్గరకు రండి. తల మీద ఆకుల దండ, చేతులకు తొడుగులు, నడుముకు పట్టీ, ఒడి దగ్గర గులాబీలు: అన్నీ పెళ్లి గుర్తులే. వెనక మైదానంలో కుందేళ్లున్నాయి, సంతానానికి గుర్తుగా.

కుడివైపు ఆమె ఎత్తి పట్టుకున్న దీపం మీద కాసేపు ఆగండి. వెనక దూరంగా చర్చి గోపురం. కళా చరిత్రకారుడు పనోఫ్‌స్కీ ఈమెనే దైవ ప్రేమ అన్నాడు. ఫ్లోరెన్స్ తత్వవేత్త ఫిచీనో చెప్పిన ఇద్దరు ప్రేమ దేవతలు, అంటే దైవిక, లౌకిక వీనస్‌లు వీళ్లని ఆయన వివరణ. శాశ్వతమైన అందానికి నగలూ బట్టలూ అక్కర్లేదు. అలాగని రెండో ఆమె తక్కువ కాదు, ఫిచీనో ఇద్దరినీ గౌరవించాడు.

ఆ తర్వాత రెండు మొహాలూ మార్చి మార్చి చూడండి. అక్కచెల్లెళ్లలా ఒకే పోలిక! మధ్యలో మన్మథుడు తొట్టిలో చెయ్యి పెట్టి నీళ్లు కలుపుతున్నాడు. దేవుడి మీద ప్రేమ, భర్త మీద ప్రేమ ఒకదానికొకటి పోటీ కాదని నేను ఈ బొమ్మ దగ్గరే నమ్మాను. క్రైస్తవ వివాహం గురించి ఇంత సూటిగా మాట్లాడిన చిత్రం నాకు ఇంకోటి దొరకలేదు.

సాధన కోసం మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం వెబ్‌సైట్‌లో లొరెంజో లొత్తో 1523లో వేసిన మార్సిలియో దంపతుల చిత్రం తెరవండి. మన్మథుడు ఇద్దరి భుజాల మీదా కాడి వేస్తున్నాడు. పెద్దది చేసి, ఆ కాడికి ఆకులు ఎందుకు మొలిచాయో ఆలోచించండి.