కాలనీ పక్కన అపార్ట్‌మెంట్లు వస్తుంటే సంఘం అభ్యంతరం ఎలా రాయాలి?

పక్క ఖాళీ స్థలం చుట్టూ రేకులు పాతేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. తెలంగాణ భవన అనుమతుల చట్టం టీజీ-బీపాస్ ప్రకారం పెద్ద భవనాల అనుమతికి గడువు 21 రోజులే. 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి తప్పనిసరే కానీ, 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం భవన ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. ఎవరూ వచ్చి మనల్ని అడగరు. మనమే వెళ్లి చెప్పాలి.

ముందు సర్వే నంబర్ తెలుసుకోండి. అది చేతికొస్తే మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం ఏ జోన్‌లో ఉందో, చెరువు ఎఫ్‌టీఎల్‌కి (నిండినప్పుడు నీళ్లు చేరే హద్దుకి) ఎంత దూరమో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మ్యాపుల్లో చూసుకోవచ్చు. స్థలం 500 చదరపు మీటర్లు లేదా ఫ్లాట్లు 8 దాటిన ప్రాజెక్టయితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) సైట్‌లో వివరాలుంటాయి. పర్యావరణ అనుమతి దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో దొరుకుతుంది. ఇంకా కావాల్సిన కాగితాలకు రూ.10 కట్టి ఆర్టీఐ వేయండి. జవాబుకు 30 రోజులు పట్టొచ్చు కాబట్టి దానికోసం అభ్యంతరాన్ని ఆపొద్దు.

తర్వాత టేపు పట్టుకుని రోడ్డు మీదికి రండి. అసలు పని ఇదే. 2012 నాటి భవన నిర్మాణ నియమాల జీవో 168 ప్రకారం హైరైజ్ (బాగా ఎత్తైన) భవనానికి ఎదుట కనీసం 12 మీటర్ల రోడ్డుండాలి. ఎత్తు పెరిగేకొద్దీ ఇంకా వెడల్పు కావాలి. ప్లాన్‌లో 40 అడుగులని రాసిన రోడ్డు మలుపు దగ్గర 30 అడుగులే ఉండొచ్చు. ప్రహరీ నుంచి ప్రహరీకి నాలుగైదు చోట్ల కొలవండి. టేపు మీది అంకె కనబడేలా ఫొటో తీయండి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఓపెన్ నాలా ఉంటే అవీ తీయండి. వానపడితే ఏ మ్యాన్‌హోల్ పొంగుతుందో తేదీతో వీడియో ఉంచుకోండి. చెరువు దగ్గరైతే బఫర్ (చెరువు చుట్టూ కట్టకుండా వదలాల్సిన జాగా) కొలత చూడండి: 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు. జీవోకు తర్వాత వచ్చిన సవరణలూ చూసుకోవాలి.

రాసేటప్పుడు "మాకీ అపార్ట్‌మెంట్ వద్దు" అని మాత్రం రాయొద్దు. మీటింగ్‌లో కోపంగా అనుకున్న మాటలన్నీ కాగితం మీదికి తెస్తే అది పక్కన పడిపోతుంది. ఆ ఫ్లాట్లలోకి వచ్చేవాళ్లు రేపు మన పొరుగువాళ్లే, వేసవిలో మనతోపాటే ట్యాంకర్ కోసం ఎదురుచూసేవాళ్లే. అందుకే ఒక్కో అంశానికి నిబంధన, మన కొలత, మనం అడిగేది వరుసగా రాయండి. కొత్త డ్రైనేజీ లైన్ వేశాకే కనెక్షన్ ఇవ్వాలని, సెల్లార్ తవ్వేముందు పక్క మట్టి జారకుండా రిటైనింగ్ వాల్ కట్టాలని, లారీలు స్కూలు టైంలో రాకూడదని అడగండి. రెండు పేజీలు చాలు.

టౌన్ ప్లానింగ్‌కి, నీళ్లు, డ్రైనేజీ చూసే జలమండలికి, చెరువో నాలానో అయితే వాటి ఆక్రమణలు చూసే హైడ్రాకి విడివిడిగా ఇవ్వండి. సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. ప్రతి కాపీ మీదా స్టాంపు వేయించుకోవాలి.

పర్యావరణ అనుమతి వచ్చేసినా ఎన్‌జీటీలో (జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో) అప్పీలుకు 30 రోజులుంటాయి, సరైన కారణం చూపితే మరో 60. మన బెంచ్ చెన్నైలో ఉంది. ఆ స్టాంపు కాపీలు, ఫొటోలే అక్కడ అక్కరకొస్తాయి.